మాడ్రిడ్‌లో ఒక్కరే రైలెక్కాలంటే...

విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన అమ్మల్ని "ఏమేం చూశారు వదినా?" అని అడిగి చూడండి. సగంమంది చెప్పే జవాబు ఒకటే. "శని, ఆదివారాలు వాళ్లు తీసుకెళ్లినవి చూశాం. మిగతా అయిదు రోజులూ కిటికీలోంచి రోడ్డు చూశాం." భాష రాదు, దారి తెలీదు, తప్పిపోతే పిల్లలు ఆఫీసు మానుకుని వెతుక్కుంటూ రావాలి. అందుకని తలుపు గడియ పెట్టుకుని కూర్చోవడమే! స్పెయిన్ లాంటి చోటైతే మరీను. మనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు కూడా అక్కడ అన్నిచోట్లా పనికిరావు. అయినా సరే, దాని రాజధాని మాడ్రిడ్‌లో ఆడవాళ్లు ఒక్కరే రైలెక్కి తిరిగి రావడం అంత కష్టమేం కాదు. కాస్త లెక్క తెలిస్తే చాలు.

ముందు తెలుసుకోవాల్సింది, ఆ ఊళ్లో పెద్ద రైల్వేస్టేషన్లు రెండున్నాయి. దక్షిణాన ఆతోచా, ఉత్తరాన చామర్తీన్. బార్సిలోనా, సెవీయా వైపు వెళ్లే వేగం రైళ్లు ఎక్కువగా ఆతోచా నుంచి, బుర్గోస్, వాయదోలిద్ లాంటి ఉత్తరాది ఊళ్లకి చామర్తీన్ నుంచి బయల్దేరతాయి. సికింద్రాబాద్‌లో ఎక్కాల్సిన రైలుకి నాంపల్లి వెళ్లి నిలబడితే ఏమవుతుందో మనకి తెలుసు కదా! అందుకని టికెట్ మీద ఏ స్టేషనో చూసుకోవాలి. ఇక్కడో చక్కని గుర్తుంది. రెండు స్టేషన్లకీ ఇద్దరు ఆడవాళ్ల పేర్లు చేర్చారు. టికెట్ మీద 'అల్ముదేనా గ్రాందెస్' అని కనిపిస్తే ఆతోచా, 'క్లారా కంపోఅమోర్' అని ఉంటే చామర్తీన్.

అల్ముదేనా గ్రాందెస్ నవలా రచయిత్రి, మాడ్రిడ్ ఆడపడుచే. 2021లో చనిపోయింది. మరుసటేడు స్టేషన్‌కి ఆమె పేరు పెట్టారు. క్లారా కథ మాత్రం చెప్పుకోవాల్సిందే. 1888లో పుట్టింది. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. తల్లి కుట్టుపని చేసేది. క్లారా కూడా కుట్టుపని, దుకాణంలో కొలువు, ఫోన్ల దగ్గర ఉద్యోగం ఇలా దొరికిన పనల్లా చేస్తూ, ముప్పయ్యారేళ్ల వయసులో లా పట్టా పుచ్చుకుంది. 1931లో అక్కడి ఆడవాళ్లు ఎన్నికల్లో నిలబడొచ్చు గానీ ఓటెయ్యడానికి మాత్రం వీల్లేదు. వింతగా లేదూ! అలా గెలిచి సభలో కూర్చున్న క్లారా, సొంత పార్టీ వాళ్లే కాదన్నా వాదించి అదే ఏడు అక్టోబరు 1న స్త్రీలకి ఓటు హక్కు సాధించింది. ఓట్లు 161కి 121. తర్వాత 1936లో అంతర్యుద్ధం వచ్చి దేశం విడిచింది. 1972లో స్విట్జర్లాండులోనే కన్నుమూసింది. ప్రవాసంలో పోయిన మనిషి పేరు, ఇప్పుడు ఊరికి వచ్చే పోయే వాళ్లందరి టికెట్ల మీదా ఉంది.

ఇక మాటలు. బోలెడేం అక్కర్లేదు. 'సలీదా' అంటే బయటికి దారి. అదే 'సలీదాస్' అని చివర సకారం చేరితే బయల్దేరే రైళ్లు. ఈ ఒక్క అక్షరం దగ్గరే కొత్తవాళ్లు తికమకపడతారు. 'యెగాదాస్' అంటే వచ్చే రైళ్లు. 'వీయా' అంటే రైలు నిలిచే లైను నంబరు. 'ఆందెన్' అంటే ప్లాట్‌ఫారం. వీయా నంబరు బోర్డు మీద ముందెప్పుడో రాదు, రైలు టైముకి కాసేపటి ముందే పడుతుంది. కంగారు పడకండి. కానీ ఆలస్యం మాత్రం చెయ్యకండి. దూరప్రయాణం రైళ్లకి సామాన్లు యంత్రంలో పెట్టి తనిఖీ చేస్తారు, బయల్దేరే టైముకి రెండు నిమిషాల ముందే దారి మూసేస్తారు. మన దగ్గరలాగా కదిలే రైలు వెంట పరుగెత్తే వ్యవహారం కాదు.

ఆతోచాలో టైముంటే పాత స్టేషన్ భాగంలోకి వెళ్లండి. 1892 నాటి ఇనుము, గాజు కప్పు కింద ఇప్పుడు రైళ్లు లేవు, తోట ఉంది! దాదాపు నాలుగు వేల చదరపు మీటర్ల మేర తాటిజాతి చెట్లూ, అరటాకుల్లాంటి ఆకులూ చూస్తే కోనసీమలో దిగినట్టుంటుంది. తోటలో కొలను ఉండేది, దాన్నిండా తాబేళ్లు. పిల్లలు ముచ్చటపడి కొనుక్కున్నవి పెద్దవయ్యాక ఇంట్లో పెట్టుకోలేక జనం తెచ్చి వదిలేసేవాళ్లు. చివరికి కిక్కిరిసిపోయి 2018లో వాటిని వేరేచోటికి తరలించారు. ఈ స్టేషన్‌కి ఓ పెద్ద గాయం కూడా ఉంది. 2004 మార్చి 11 పొద్దున్న పనులకీ చదువులకీ వెళ్లే జనంతో నిండిన నాలుగు లోకల్ రైళ్లలో బాంబులు పేలి 193 మంది పోయారు. అయినా ఆ దారిన రోజూ జనం అలాగే వెళ్తూనే ఉన్నారు.

ఆ లోకల్ రైళ్లని 'సెర్కనీయాస్' అంటారు. ఆతోచా నుంచి చామర్తీన్‌కి వీటిలో ఇట్టే వెళ్లిపోవచ్చు. రెన్‌ఫే వాళ్ల దూరప్రయాణం టికెట్ కొన్నవాళ్లకి ఈ లోకల్ రైలు ఉచితం. చాలామందికి తెలీక విడిగా డబ్బు పెట్టి కొంటారు! దీంట్లో దిగాక కూడా గేటు దగ్గర టికెట్ చూపించాలి, పారెయ్యకండి.

మెట్రో 1919లో మొదలైంది. అప్పట్లో ఆ ఊళ్లో బళ్లు మనలాగే ఎడమవైపు నడిచేవి. 1924లో రోడ్లు కుడివైపుకి మారినా, మెట్రో మాత్రం ఇప్పటికీ ఎడమవైపే. 'మూల్తి' అనే కార్డు కొని పది ప్రయాణాలు వేయించుకుంటే ఇంటిల్లిపాదీ ఒకే కార్డు వాడుకోవచ్చు. మనిషికోసారి తాకిస్తే సరి. విమానాశ్రయం స్టేషన్ దగ్గర మాత్రం అదనంగా 3 యూరోలు పడతాయి. ఎటు వెళ్లాలో తెలియాలంటే ఆ లైను ఆఖరి స్టేషన్ పేరు గుర్తుపెట్టుకోవాలి, బోర్డులన్నీ దాన్ని బట్టే ఉంటాయి. ఆతోచాలో 'పినార్ దె చామర్తీన్' వైపు ఒకటో లైను ఎక్కితే నాలుగో స్టేషనే ఊరి నడిబొడ్డు సోల్. వేళ్లు మడిచి లెక్కపెట్టుకోండి! చామర్తీన్ స్టేషన్ వేరు, పినార్ వేరు. ఆ పేరు చూసి ఆఖరిదాకా కూర్చోకూడదు. కొన్ని పాత రైళ్లలో తలుపు దానంతటది తెరుచుకోదు, మీటో బటనో మీరే నొక్కాలి. రద్దీలో జేబుదొంగలున్నారు. హ్యాండ్‌బ్యాగు పొట్టమీదకి, గొలుసు కొంగు కిందకి!

అదే లైన్లో బిల్బావో దాటాక కిటికీకి ముఖం ఆనించి చూస్తే, రైలు ఆగని ఓ స్టేషన్ లైట్లతో మెరిసి మాయమవుతుంది. అది చంబెరీ. వంపు మీద ఉండటంతో పొడుగు రైళ్లకి సరిపడా పెంచలేక 1966లో మూసేశారు. 2008 నుంచి ఉచిత ప్రదర్శనశాల. పలకల మీద వేసిన పాత ప్రకటనలు, టికెట్లమ్మిన గదులు చూడొచ్చు. మొదట్లో ఆ గదుల్లో కూర్చున్నది ఆడపిల్లలే, కానీ పెళ్లయితే ఉద్యోగం మానెయ్యాలి! వేళలు కనుక్కుని వెళ్లండి.

బస్సులు నీలంరంగువి. వచ్చేటప్పుడు చెయ్యెత్తాలి, ముందు తలుపు నుంచి ఎక్కాలి, దిగబోయే ముందు బటన్ నొక్కాలి. మెట్రో రాత్రి ఒకటిన్నరకి ఆగిపోతుంది. ఆ తర్వాత సిబెలెస్ కూడలి నుంచి రాత్రి బస్సులుంటాయి. వాటిని అక్కడివాళ్లు ముద్దుగా 'బూఓలు' అంటారు, అంటే గుడ్లగూబలు.