తేనెటీగ దొరకని ఆట

హాస్టల్లో ఆదివారం మధ్యాహ్నం అన్నాలు అయ్యాక టీవీ రూములో మేం ఆడిన ఆ ఆట అసలు పేరు నాకు మొన్నమొన్నటి దాకా తెలియదు. మాకది ‘టోపీ మామ ఆట’. ఒక సీనియర్ అన్న ఇంటి నుంచి తెచ్చిన టీవీ గేమ్ క్యాసెట్లో మారియో కింద ఎక్కడో ఉండేది. అన్నలందరూ మారియోకే ఎగబడేవాళ్లు. వాళ్లు అలసిపోయి లేచాక మా ఆరో తరగతి వాళ్లకు వంతు వచ్చేది. అన్నలు అంతంత దూరం వెళ్లిన మారియోలో మేం ఎంత ఆడినా లెక్కలోకి రాదు. అందుకే నేనూ, నా పక్క పడక బావా (నిజం వరస కాదు, హాస్టల్ వరస) టోపీ మామను పట్టుకున్నాం.

దాని పేరు ‘అడ్వెంచర్ ఐలాండ్’. జపాన్‌లో హడ్సన్ సాఫ్ట్ అనే కంపెనీ 1986లో నింటెండో వారి ఫామికామ్ కోసం తెచ్చింది. మా దగ్గరున్న డబ్బా ఆ ఫామికామ్‌కు నకలు. ఆట కూడా పూర్తిగా సొంతం కాదట. అదే ఏడాది సెగా విడుదల చేసిన ‘వండర్ బాయ్’ ఆటనే హడ్సన్ తీసుకుంది. కానీ అందులోని పిల్లవాడి బొమ్మ మీద హక్కు సెగాది. దాంతో తమ కంపెనీలోనే పనిచేసే తకహాషి తోషియుకిని హీరోగా పెట్టేశారు. సెకనుకు 16 సార్లు మీట నొక్కగలడని ఆయనకు అక్కడి పిల్లల్లో గొప్ప పేరు. పనిచేసే కంపెనీయే మనిషిని హీరోను చేయడమంటే మాటలా! మేం మాత్రం తెల్ల టోపీ, ఆకుల మొలగుడ్డ చూసి మామ అని పిలుచుకున్నాం.

దీన్ని మారియోకు నాసిరకం తమ్ముడిగా చూసేవాళ్లే ఎక్కువ. నేను ఒప్పుకోను. మారియోలో కాసేపు నిలబడి ఆలోచించుకోవచ్చు. ఇక్కడ పైన ఉన్న శక్తి గీతలు ఒక్కొక్కటే తరిగిపోతూ ఉంటాయి. పండ్లు అందుకుంటూ పోవాలి. నిలబడ్డావా, శత్రువు అక్కర్లేదు, ఆకలే చంపుతుంది. చక్రాల బల్ల ఎక్కితే ఆగడం అసలే కుదరదు. అన్నిటికన్నా ఘోరం వంకాయ. కొన్ని గుడ్లు పగిలితే వంకాయ వచ్చి తలపైనే తిరుగుతూ ఉన్న శక్తినంతా పీల్చేస్తుంది. మా మెస్సులో వారానికి మూడు రోజులు వంకాయ కూరే కాబట్టి, జపాన్ వాళ్లు మా బాధ ఎరిగినవాళ్లే అనుకున్నాం.

లోపాలు లేవనను. ప్రతి ఏరియా చివర వచ్చే రాక్షసుడు ఒకడే, తలకాయ మాత్రం మారుతుంది. 8 ఏరియాలు, ఒక్కోదానికి 4 రౌండ్లు, మొత్తం 32. సేవ్ చేసుకునే వీల్లేదు. మూడు ప్రాణాలూ పోతే మళ్లీ మొదటి రౌండే. స్టడీ అవర్ బెల్లు మోగేలోపు ఎంత దూరం పోతే అంతే. బావ ఆడేవాడు, వంకాయ ఉన్న గుడ్లు గుర్తుపెట్టుకుని కేక పెట్టడం నా పని. నాలుగో ఏరియా ఎప్పుడూ దాటలేదు.

పదో తరగతిలో బావకు లెక్కలు పోయాయి. సప్లిమెంటరీ ఫీజుకు ఆఖరు తేదీ ఒకటుంటుందని వాడికి ఎవరూ చెప్పలేదు. నేను పాసైన సంబరంలో ఉన్నాను, నేనూ అడగలేదు. తెలిసేసరికి తేదీ దాటిపోయింది. ఆ ఏడే వాళ్ల చిన్నాన్నతో హైదరాబాద్‌లో టైల్స్ పనికి పోయాడు.

పోయిన వేసవిలో, పీజీ పరీక్షలయ్యాక, ఆ ఆట ఫోన్లో ఎక్కించుకున్నాను. గాజు మీద వేలు జారుతోంది కానీ చేతులు అంతా మర్చిపోలేదు. దాని గురించి చదువుతుంటే తెలిసింది, మొదటి రౌండు చివర కంటికి కనపడని గుడ్డు ఒకటుందని. సరిగ్గా అక్కడ ఎగిరితే బయటపడుతుంది. అందులో తేనెటీగ, హడ్సన్ కంపెనీ గుర్తు. అది దొరికితే ప్రాణాలన్నీ పోయినా, పోయిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టవచ్చు.

వెంటనే బావకు ఫోన్ చేశాను. కాసేపు మాట్లాడలేదు.

“మొదటి రౌండులోనేనా? అక్కడ వెయ్యిసార్లు దాటి ఉంటాం కదరా!”

“ఎవరూ చెప్పలేదు కద బావా.”

“అవున్లే. ఈ ఆదివారం వస్తా, ఆ ఫోన్ చార్జింగ్ పెట్టి ఉంచు.”

వచ్చాడు. సిమెంటుకు పగుళ్లిచ్చిన వేళ్లతో ఫోన్ పట్టుకుని, రౌండు చివర నాలుగైదుసార్లు ఎగిరి గుడ్డును బయటపెట్టాడు. ఆ రాత్రి ఆరో ఏరియా దాకా వెళ్లాడు. పక్కన కూర్చుని వంకాయ గుడ్లు వచ్చినప్పుడల్లా నేను కేక పెట్టాను.