డుమస్‌లో సముద్రం డ్యూటీ



నలభై ఏండ్లు టవల్ సాంచాల మీద పనిచేసిన. కరెంటు పోతే సాంచా ఆగుతది, సాంచా ఆగితే కూలి ఆగుతది. చీకట్లో కూర్చున్న గంటలకు ఎవరూ పైసా ఇయ్యలేదు. అందుకే కరెంటు మాట ఎక్కడ వినపడ్డా నా చెవి అటే పోతది.

మొన్న దీపావళి తర్వాత సూరత్ పోయిన. మా చెల్లెలి కొడుకు అక్కడ ఒక మిల్లులో ఎలక్ట్రీషియన్. ఆదివారం నాడు "మామా, సముద్రం చూద్దాం పా" అని డుమస్ తీసుకపోయిండు.

షోలాపూర్‌లో పుట్టి పెరిగినోన్ని, సముద్రం సినిమాలల్ల చూసిందే. తీరా పోతే నీళ్లే లేవు! నల్లటి ఇసుక, బురద, ఎక్కడో దూరంగా తెల్లటి గీత. "ఇదేం సముద్రంరా?" అంటే నవ్విండు. "ఆగు మామా, సాయంత్రం డ్యూటీకి వస్తది."

టమాటా భజియాలు తిని చాయ తాగినం. నాలుగు దాటినంక నీళ్లు లేచినయి. పొద్దున మేము నడిచిన జాగ చూస్తుండంగనే మునిగిపోయింది.

వీటినే ఆటుపోట్లు అంటరు. చంద్రుడు, సూర్యుడు లాగే బలానికి నీళ్లు పొంగుతయి, దిగుతయి. ఒక పోటుకు, ఇంకో పోటుకు నడుమ సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే రోజూ 50 నిమిషాలు ఆలస్యం. గాలి, వాన లెక్క కాదు, ఏ రోజు ఎప్పుడొస్తదో పంచాంగం లెక్క ముందే చెప్పొచ్చు. డుమస్ పక్కనున్న ఖంభాత్ అఖాతంలో నీళ్లు 11 మీటర్ల దాకా లేస్తయి. మూడంతస్తుల ఇంటి ఎత్తు!

ఫ్రాన్స్‌లో రాన్స్ నది మూతి దగ్గర అడ్డకట్ట కట్టి 1966 నుంచి కరెంటు తీస్తున్నరు. 24 టర్బైన్లు, 240 మెగావాట్లు. మన నాడె లెక్క, నీళ్లు అటు పోయినా ఇటు వచ్చినా పని జరుగుతది. నీళ్లు రెండు దిక్కులా సమానమైనప్పుడు మాత్రం ఆగుతది, మనం కండె మార్చినట్టు. కొరియాలో సిహ్వా దగ్గర 2011లో 254 మెగావాట్లది పెట్టిండ్రు.

అలలతోని తీసేది వేరే. కేరళలోని విళింజంలో 1991లో 150 కిలోవాట్లది కట్టిండ్రు. అల కాంక్రీటు గదిలోకి వచ్చి లోపలి గాలిని నెడితే ఆ గాలికి టర్బైన్ తిరుగుతది. ఇప్పుడది మూతపడ్డది. కచ్ఛ్‌లో 50 మెగావాట్లు పెడతమని 2011లో చెప్పిండ్రు, కట్టలేదు.

"ఇన్ని నీళ్లు ఊరికే పోతున్నయి గదరా, ఎందుకు కట్టరు?" అన్న కోపంగ.

"ఖర్చు మామా. ఉప్పునీళ్లు ఇనుమును తింటయి, ఒండ్రు పేరుకుంటది." బురదల కట్టెలు పాతి వల కట్టిన ఒకాయనను చూపిచ్చిండు. "కట్ట కడితే చేప ఎటు పోతది? ఆయన ఏం తింటడు?"

నేను నోరు మూసుకున్న. సాంచా ఆగితే ఇంట్లో పొయ్యి ఎట్లుంటదో నాకు తెలుసు. మన సాంచాకు కరెంటు కావాలె, నిజమే. కట్టే ముందు ఆ వలాయనను కూడ కూర్చోబెట్టి అడగాలె.

సూరత్‌లో చుట్టాలున్నోళ్లు డుమస్ పోండి. పొద్దున పోయి సాయంత్రం దాకా ఉండండి. నీళ్లు లేచేటప్పుడు పిల్లలను బురదలోకి పంపకండి.