జీలుగు చెట్టు కింద ఒక పూట

ఖమ్మంలో బస్సెక్కేటప్పటికే మా మిత్రుడి సంచిలో ఒక సీసా ఉంది. సినిమా ఆఫీసులో పనిచేసే మనిషి. ఈమధ్య ఆయనకి రెడ్ వైన్ మీదికి మనసు పోయింది. "తక్కువ ధరలో దొరికే వాటిల్లో దీన్ని మించింది లేదు గురువుగారూ! అడవిలో చెట్టు కింద కూచుని రుచి చూద్దాం" అంటూ ఊరిస్తూ వచ్చాడు. కొత్తగూడెం దాటింది, పాల్వంచ దాటింది, సారపాక దగ్గర గోదావరి వంతెన ఎక్కేదాకా ఆ సీసా కథే!

భద్రాచలం దారి మన సినిమా వాళ్ళకి కొత్త కాదు. 1973లో బాపుగారి 'అందాల రాముడు', 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి'... రెండు లాంచీలూ ఈ రాముడి కోసమే బయల్దేరాయి. మేమూ ముందు దర్శనమే చేసుకున్నాం. శ్రీరామనవమికి ఇంకా వారం ఉంది. పందిళ్ళ పని జోరుగా సాగుతోంది. కల్యాణం తలంబ్రాల గురించి ఇంకోసారి రాస్తాను. ఇవాళ్టి సంగతి వేరు.

దర్శనం కాగానే చింతూరు వెళ్ళే జీపెక్కాం. భద్రాచలం ఊరు దాటామో లేదో ఆంధ్రప్రదేశ్ వచ్చేసింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు మండలాల్ని అటు కలిపారు. ఊరేమో తెలంగాణలో, ఊరి వెనక అడవేమో ఆంధ్రాలో. చెట్లకి మాత్రం ఈ సంగతి తెలిసినట్టు లేదు. రోడ్డుకి అటూ ఇటూ అవే ఇప్పచెట్లు, నేల మీద అవే ఇప్పపూలు. తెల్లారగట్ల రాలిన పూలని ఆడవాళ్ళు బుట్టల్లోకి ఏరుకుంటున్నారు. ఎండబెడితే తిండికీ పనికొస్తాయి, సారాకీ పనికొస్తాయి.

చెట్టు దగ్గర పంచాయితీ

చింతూరు ఇవతల ఒక కోయగూడెంలో దిగాం. అక్కడ చూశాం జీలుగు చెట్టుని. తాడిచెట్టుకి చుట్టమే గాని పోలికలు వేరు. ఆకు చివర చేపతోకలా ఉంటుంది. గెలలు విరబోసిన జడల్లా కిందికి వేలాడతాయి. ఓ పెద్దాయన వెదురుగడ ఒకటి చెట్టుకి కట్టాడు. దాని కణుపుల దగ్గర వదిలేసిన కొమ్మ మొదళ్ళే మెట్లు! వాటి మీద కాలు పెట్టి చకచకా పైకి పోయాడు. కత్తితో గెల కొసని పల్చగా చెక్కి, నిండిన కుండ దించి, ఖాళీ కుండ కట్టి దిగొచ్చాడు. పొద్దునొకసారి, మాపొకసారి ఇదే పని.

కల్లు సొరకాయ బుర్రలో పోసి, ఆకు దొప్పల్లో మాకిచ్చాడు. పాలలా తెల్లగా, కొంచెం చిక్కగా ఉంది. మా మిత్రుడు వైన్ పద్ధతిలో మొదలెట్టాడు. ముందు రంగు చూశాడు, తర్వాత వాసన, తర్వాత ఓ గుక్క నోట్లో తిప్పడం! గూడెం పిల్లలు గుమిగూడి ఒకటే నవ్వు.

"ఎలా ఉంది?" అన్నాను.

"తియ్యగా ఉంది. వెనకాల సన్నగా పులుపు. అయితే గురువుగారూ, దీన్ని సీసాల్లో పట్టి హైదరాబాదు తీసుకెళ్తే..."

పెద్దాయన తలడ్డంగా ఊపాడు. "పొద్దున దించింది పొద్దున్నే తాగాలె సారూ. మాపటికి పులుస్తది. రేపటికి పారబోస్తం. నువ్వు పట్నం తీసుకపోయేది ఇది కాదు, ఇంకోటి."

ఆయన చెప్పిన దాంట్లో శాస్త్రం ఉంది. చెట్టు నించి దిగే నీరు తియ్యని నీరే. గాలిలోనూ, కుండలోనూ ఉండే ఈస్టు అందులోని చక్కెరని గంటల్లో మత్తుగా మార్చేస్తుంది. అక్కడితో ఆగదు, పులిసి పులిసి చివరికి పుల్లనీళ్ళవుతుంది. వైన్ సంగతి వేరు. ద్రాక్షతొక్కలతో కలిపి పులియబెట్టడం వల్ల ఎరుపూ, వగరూ వస్తాయి. ఆ వగరే కొన్ని రకాలని ఏళ్ళ తరబడి నిలబెడుతుంది. అందుకే వైన్ మంచిచెడ్డలు చూసేవాడు ఏ ఏటిదని అడుగుతాడు. కల్లు మంచిచెడ్డలు చూసేవాడు ఏ పూటదని అడుగుతాడు!

చవగ్గా తాగేవాడికి ఈ ప్రశ్న ప్రాణం మీది సంగతి. మైదానంలో చెట్లు చాలని చోట క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు నీళ్ళలో కలిపి కల్లని అమ్మిన కేసులు తెలంగాణలో ఎన్నో బయటపడ్డాయి. దానికి అలవాటు పడ్డవాళ్ళు మానేస్తే పిచ్చిచూపులు, ఫిట్సు. రంగు మోసం చేస్తుంది, వాసన మోసం చేస్తుంది. కళ్ళెదుట చెట్టు దిగిన కుండ మోసం చెయ్యదు.

కల్లు కోసం కొట్లాట

అన్నట్టు, 1974లో కృష్ణగారి 'అల్లూరి సీతారామరాజు' చూసి మనమంతా మన్యం తిరుగుబాటంటే 1922 అనుకుంటాం. అంతకు ముందే 1879లో రంప తిరుగుబాటు జరిగింది. దానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి ఈ కల్లే! ఇంటికోసం గీసుకునే కల్లుకి సైతం మద్రాసు ప్రభుత్వపు ఆబ్కారీ నిబంధనలు అడ్డొచ్చాయి. మీదినించి మన్సబుదారు చిగురుపన్ను. కొండవాళ్ళు తిరగబడ్డారు. ఆ మంట ఈ భద్రాచలం తాలూకా రేకపల్లి దాకా పాకింది.

కల్లు వాళ్ళకి సరదా మాత్రమే కాదు మరి. ఈ కొండల్లో 1941లో తిరిగిన హైమెండార్ఫ్ దొర కొండరెడ్ల గురించి రాసిన పుస్తకంలో జీలుగు చెట్టుకి పెద్దపీటే వేశాడు. గింజలు అడుగంటే రోజుల్లో జీలుగు కల్లే సగం తిండి. చెట్టు నరికితే లోపలి దవ్వ పిండవుతుంది, జావ కాచుకుంటారు.

ఈ చెట్టుకి ఇంకో విచిత్రం ఉంది. పదీ పదిహేనేళ్ళు పెరిగాక గాని గెల వెయ్యదు. మొదటి గెల తలదగ్గర, తర్వాతవి ఒక్కోటీ కిందికి. అట్టడుగు గెల అయిపోయిందంటే చెట్టూ అయిపోయినట్టే. కాబట్టి ఇవాళ గీసేది నిన్నటివాళ్ళు కాపాడిన చెట్టు.

"మరి పోలవరం నీళ్ళొస్తే?" అన్నాను. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఈ మండలాలు ఎలా మునిగాయో అందరం చూసిందే.

పెద్దాయన చెట్టు వంక చూశాడు. "ఇల్లిస్తరట, పైసలిస్తరట. ఆడ ఈ చెట్టు ఉండదు గద సారూ. ఇప్పుడు నాటితే నా మనవడు గీస్తడు."

మేం మాట్లాడలేదు. కాసేపటికి మా మిత్రుడు మొహమాటంగా సంచిలోంచి తన సీసా తీశాడు. పెద్దాయన దొప్పలో రెండు గుక్కలు పోయించుకుని, చప్పరించి, మొహం ముడిచాడు.

"వగరుగున్నది. ఎప్పటిది?"

మా మిత్రుడు చీటీ చూసి గర్వంగా చెప్పాడు, "నాలుగేళ్ళ నాటిది తాతా!"

"నాలుగేండ్లా!" ముసలాయన జాలిగా చూశాడు. "మంచిదైతే ఇన్నేండ్లు మిగులునా బిడ్డా?"

తిరుగు ప్రయాణంలో సారపాక వంతెన మీద మా మిత్రుడు సంచి తడిమి చూసుకున్నాడు. వైన్ సీసా ఇంకా ముప్పాతిక నిండుగానే ఉంది. జీలుగు కల్లు మాత్రం నాలుక మీద తప్ప ఎక్కడా లేదు.