మూడు పని దినాలు

22 సెప్టెంబర్ 2025, సోమవారం. గద్వాల

పొద్దున టీ తాగుతుండగానే మా అమ్మాయి ఇంటికి ఒక నేతన్న, ఆయన భార్య వచ్చారు. రిటైరైనా బ్యాంకు సారు అన్న పేరు పోలేదు. గద్వాలలో ఉన్నానని తెలిస్తే ఎవరో ఒకరు పాసుబుక్కు పట్టుకుని వస్తారు. వీళ్ళు తెచ్చింది ఇంకెవరి పేరో ఉన్న ఏటీఎం కార్డు.

దసరా గిరాకీకి ఇద్దరూ మగ్గం మీదే ఉండి నేసిన చీరల మజూరీ ఖాతాలో పడింది. శుక్రవారం సాయంత్రం కొంత తీద్దామని ఆయన ఏటీఎంకు పోయాడు. మిషన్ కార్డు తీసుకోలేదు. వెనక నిలబడ్డ పిల్లవాడు "ఇట్లియ్యి పెద్దనాయనా, చిప్పు తుడిచి పెట్టాలె" అని అందుకున్నాడు. తనే పెట్టి, పిన్ను కొట్టమన్నాడు. "మిషన్ల పైసల్లేవు, పొద్దున రా" అని ఒక కార్డు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. అదే బ్యాంకుది, అదే రంగుది, కానీ ఈయనది కాదు. అసలు కార్డుతో ఆ రాత్రే రాయచూరులో డబ్బు తీశారు. పన్నెండు కొట్టకముందు ఒకసారి, పన్నెండు దాటగానే మరోసారి. తేదీ మారితే రోజువారీ పరిమితి మళ్ళీ మొదటికి వస్తుందని దొంగలకు బాగా తెలుసు.

మెసేజ్‌లు వచ్చాయి. రెండూ ఇంగ్లీషులోనే. "ఏదో కంపెనీది అనుకున్నం సారూ" అంది ఆమె. నిన్న ఎంగిలిపూల బతుకమ్మకు పుట్టింటికొచ్చిన కూతురు ఫోను చూసి చెప్పేదాకా డబ్బు పోయిన సంగతే తెలియదు.

ముందు కార్డు బ్లాక్ చేయించాం. తర్వాత 1930కి ఫోన్ చేశాం. బ్యాంకు పేరు, కార్డు చివరి అంకెలు, డబ్బు పోయిన సమయం, లావాదేవీ నంబరు అడిగి ఫిర్యాదు నంబరు ఇచ్చారు. బ్రాంచి తెరవగానే ఉత్తరం ఇచ్చి, నకలు మీద తేదీ, సమయం వేయించి ముద్ర కొట్టించాను. గద్వాల ఏటీఎం, రాయచూరు ఏటీఎం రెండింటి కెమెరా రికార్డులు భద్రపరచాలని ఉత్తరంలోనే రాశాను. ఆ దృశ్యాలు ఎల్లకాలం ఉంచరు. అడగడం ఆలస్యమైతే సాక్ష్యం చెరిగిపోతుంది.

రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక బయటివాళ్ళదైతే, బ్యాంకు సమాచారం అందాక మూడు పని దినాల్లో తెలియజేసినవాళ్ళు పైసా నష్టం భరించనక్కరలేదు. సమాచారం అందిన రోజు లెక్కలోకి రాదు. శుక్రవారం తీసేస్తే శనివారం ఒకటి, ఆదివారం సెలవు, ఈ రోజు రెండు. ఒక్క రోజు గడువు ఉండగా ఉత్తరం చేరింది. కూతురు పండుగకు రాకపోయి ఉంటే?

25 సెప్టెంబర్, గురువారం. వనపర్తి

ఇక్కడి వేరుశనగ వ్యాపారి దగ్గర లెక్కలు రాసే కుర్రాడి క్రెడిట్ కార్డు సంగతి. బండి మీద చలానా పడిందంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వచ్చింది. నొక్కాడు. ఏదో యాప్ ఎక్కింది, చలానా మాత్రం కనబడలేదు. గంట తిరగకముందే కార్డు మీద రెండు కొనుగోళ్ళు.

"నేను ఓటీపీ ఎవరికీ చెప్పలేదు అంకుల్, ఒట్టు" అన్నాడు. నిజమే చెబుతున్నాడు. అలాంటి యాప్ ఫోనులోని మెసేజ్‌లు చదివే అనుమతి తీసుకుంటుంది. వచ్చిన ఓటీపీని వచ్చినట్టే అవతలికి పంపిస్తుంది. మనిషి నోరు విప్పాల్సిన పనే లేదు. "ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అని పదేళ్ళుగా గోడల మీద రాస్తున్నాం. ఆ మాట అక్షరాలా పాటించిన పిల్లవాడి డబ్బు కూడా పోయింది. ఇక నుంచి ఆ మాట పక్కనే ఇంకొకటి రాయాలి: వాట్సాప్‌లో వచ్చిన ఏ ఫైలునూ యాప్‌గా ఎక్కించవద్దు, అది ఏ ప్రభుత్వ శాఖ పేరుతో వచ్చినా సరే.

ఇతను చేసిన మంచి పని వెంటనే 1930కి ఫోన్ చేయడం. 2021లో 155260 నంబరుతో మొదలై, 2022 నుంచి 1930గా మారిన ఈ ఏర్పాటులో పోలీసులు, బ్యాంకులు, వాలెట్ కంపెనీలు ఒకే గొలుసులో ఉంటాయి. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు దూకుతూ పోతుంటే, ఫిర్యాదు దాని వెంట పరిగెత్తి ఎక్కడ దొరికితే అక్కడ నిలిపేస్తుంది. ఇతని సొమ్ములో ఒక భాగం ఒక వాలెట్‌లో నిలిచిందని కబురు వచ్చింది.

నేతన్నకు ఆ అవకాశం లేదు. నోట్ల కట్టగా మారిన డబ్బును ఏ కంప్యూటరూ ఆపలేదు. అందుకే ఆయన విషయంలో కెమెరా దృశ్యం, ముద్రపడ్డ ఉత్తరం, రిజర్వు బ్యాంకు ఉత్తర్వు, ఈ మూడే బలం.

నిలిపిన డబ్బు తనంతట తాను తిరిగి రాదని కుర్రాడికి చెప్పాను. కోర్టు ఉత్తర్వు కావాలి. మన రాష్ట్రంలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో, న్యాయ సేవాధికార సంస్థ కలిసి లోక్ అదాలత్‌ల ద్వారా అలాంటి సొమ్ము వాపసు ఇప్పిస్తున్నాయి. ఫిర్యాదు నంబరు పారేసుకోకుండా పోలీస్ స్టేషన్‌కు పోయి అడుగుతూ ఉండాలి.

27 సెప్టెంబర్, శనివారం. నాగర్‌కర్నూల్

మహిళా సంఘం సమావేశానికి పిలిచారు. కార్డులు తెచ్చుకోమని ముందే చెప్పించాను. చాలామంది రూపే కార్డులను బ్యాంకు ఇచ్చిన కవరుతో సహా తెచ్చారు. కొన్ని కవర్ల మీదే పిన్ను పెన్నుతో రాసి ఉంది. ఒకామె కార్డు మాత్రం ఆమె దగ్గర లేదు, మేస్త్రీ దగ్గర ఉంది. మొగుడు పనికి పుణె పోయాడు, ఆమె కూడా సంక్రాంతి దాకా పోతుంది. ఇక్కడ ఉపాధి పైసలు పడితే తీసి పంపడానికి నమ్మకస్తుడికి ఇచ్చి పోవడం పాలమూరు వలస కుటుంబాల్లో కొత్త కాదు. బ్యాంకు దృష్టిలో అది నిర్లక్ష్యం. ఆమెకు అదొక్కటే దారి.

ఆమెను కోప్పడలేదు. మేస్త్రీ మంచివాడే కావచ్చు, కానీ డబ్బు పోయిన రోజున బ్యాంకు అడిగే మొదటి ప్రశ్న పిన్ను ఎవరికి చెప్పావని. చెప్పినట్టు తేలితే, ఫిర్యాదు చేసే క్షణం వరకు పోయిందంతా ఆమెదే. ఫిర్యాదు చేశాక పోయేది మాత్రం బ్యాంకుది. కాబట్టి ఏ పరిస్థితిలోనైనా ఫిర్యాదులో ఆలస్యం పనికిరాదు. ఆమె విన్నది, కార్డు తిరిగి తెచ్చుకుంటానంది.

రిజర్వు బ్యాంకు ఉత్తర్వులోని మిగతా లెక్క కూడా చెప్పాను. నాలుగో పని దినం నుంచి ఏడో పని దినం లోపు చెబితే, సున్నా బ్యాలెన్స్ ఖాతావాళ్ళ మీద పడే భారం 5,000 రూపాయలకు మించదు, మామూలు సేవింగ్స్ ఖాతాలకు 10,000కు మించదు. ఏడు దాటితే ఆ బ్యాంకు బోర్డు విధానం ఎలా ఉంటే అలా. వెనక వరుసలోంచి ఒక అక్క లేచి, "మెసేజ్ ఇంగ్లీషుల వస్తే మాకు తెలిసినట్టెట్ల సారూ?" అంది. దానికి ఆ ఉత్తర్వులో జవాబు లేదు. నా దగ్గరా లేదు.

4 అక్టోబర్, శనివారం. వనపర్తి

ఆ అక్క మాటే మనసులో తిరుగుతోంది. బ్యాంకు మెసేజే అర్థం కాని జనం మోసగాళ్ళ ఫోనుకు ఎందుకు లొంగుతారో ఆలోచిస్తుంటే, వాళ్ళు చెప్పే అబద్ధం చుట్టూ ఎంత నిజం ఉందో కనబడుతోంది. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిశాయి. ఈ ఏడాది జనవరి 1న మన జిల్లాల గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. 2018 చివర చిప్పు లేని కార్డులన్నీ మార్చుకోవాలన్నారు. ఒకే ఊరి ఖాతాదారు పేరు మారిన బోర్డు, మారిన పాసుబుక్కు, మారిన కోడు, మారిన కార్డు ఇన్నిసార్లు చూశాడు. అలాంటివాడికి "మీ కార్డు ఆగిపోతుంది, కేవైసీ మార్చాలి" అని ఫోనొస్తే నమ్మడం తెలివితక్కువ పని కాదు. నిజమైన బ్యాంకు కూడా అతన్ని అదే అడిగింది.

తేడా ఒక్కటే, అదే అందరికీ చెప్పాలి. ఏ బ్యాంకు మార్పైనా కౌంటరు దగ్గర చేయించుకోవచ్చు. పిన్ను, సీవీవీ, ఓటీపీ ఏ మార్పుకూ ఫోనులో చెప్పాల్సిన అవసరం లేదు. ఇంకొకటి: కొత్త కార్డులన్నీ దేశంలోని ఏటీఎంలు, స్వైప్ మిషన్లకు మాత్రమే తెరిచి ఇవ్వాలని, ఆన్‌లైన్ వాడకం ఖాతాదారు అడిగితేనే తెరవాలని రిజర్వు బ్యాంకు 2020లో నియమం పెట్టింది. ఆన్‌లైన్‌లో ఏమీ కొననివాళ్ళు దాన్ని మూసే ఉంచుకోవచ్చు. ఏటీఎం పరిమితిని కూడా తగ్గించుకోవచ్చు. ఐదు వేలు చాలేవాడికి నలభై వేల పరిమితి ఎందుకు?

8 అక్టోబర్, బుధవారం. గద్వాల

నేతన్న బ్యాంకు జవాబిచ్చింది. సరైన పిన్నుతో జరిగిన లావాదేవీ కాబట్టి తమ బాధ్యత లేదట. ఆ కాగితం ఆయన చేతిలో వణికింది. "ఇడిసిపెడదాం సారూ, మనదే తప్పు" అన్నాడు.

తప్పు ఆయనది కాదని ఆయన ముందే మళ్ళీ మళ్ళీ చెప్పాను. పిన్ను ఆయన ఎవరికీ చెప్పలేదు, రాసివ్వలేదు. కాపలా లేని గదిలో దొంగ వెనక నిలబడి చూశాడు. 2017 ఉత్తర్వు ఖాతాదారు బాధ్యతను నిరూపించే భారం బ్యాంకు మీదే పెట్టింది. పిన్ను సరిపోయిందన్నది యంత్రం చెప్పే మాట, కొట్టిన చెయ్యి ఎవరిదో కెమెరా చెప్పాలి. ఫిర్యాదు అందిన పది పని దినాల్లో ఆ సొమ్మును తాత్కాలికంగా ఖాతాలో వేయాలనీ, 90 రోజుల్లో తేల్చాలనీ అందులోనే ఉంది. ఖాతాదారు నిర్లక్ష్యం ఉన్న సందర్భాల్లో కూడా బ్యాంకు తన విచక్షణతో అతని మీద పడే నష్టాన్ని మాఫీ చేయవచ్చని రాసి ఉంది. బ్యాంకులకు ఆ దయ చూపే అధికారం ఉంది. చూపమని అడిగే హక్కు మనకుంది.

ఇవన్నీ పేరా నంబర్లతో కొత్త ఉత్తరంలో పెట్టాను. కెమెరా దృశ్యం చూపమని అడిగాను. ఫిర్యాదు చేసి ముప్ఫై రోజులు దాటినా సరైన పరిష్కారం రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోతాం. 2021 నవంబర్ నుంచి బ్యాంకులకు, ఇతర ఆర్థిక సంస్థలకు కలిపి ఒకే పథకం నడుస్తోంది. ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలు అక్కరలేదు, ఎలా చేయాలో 14448కి ఫోన్ చేసి అడగవచ్చు. నేతన్న సంతకం పెట్టాడు.

ఇంకో ఉత్తరం నా పేరున రాశాను, రిజర్వు బ్యాంకుకు. బ్రాంచిలో ఫారాలు ప్రాంతీయ భాషలోనూ ఉంచాలని మీరే చెబుతారు. అంతకంటే అవసరమైనది డబ్బు పోతున్నప్పుడు వచ్చే ఆ ఒక్క మెసేజ్. దాన్ని ఖాతాదారు కోరిన భాషలో పంపండి. అలా పంపనప్పుడు, అర్థమైన రోజు నుంచే మూడు పని దినాలు లెక్కపెట్టండి. నాగర్‌కర్నూల్ అక్క అడిగిన ప్రశ్నను ఆమె మాటల్లోనే మొదటి వాక్యంగా పెట్టాను. రేపు పోస్టాఫీసు తెరవగానే స్పీడ్ పోస్టులో వేయాలి.