కుర్సురా లోపల ఒక పూట

విశాఖ ఆర్కే బీచ్‌లో ఒడ్డుకు చేర్చి నిలబెట్టిన కుర్సురా జలాంతర్గామి పొడవు 91 మీటర్ల పైనే. లోపల మాత్రం ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. ఒక అర దాటి ఇంకో అరలోకి వెళ్లాలంటే గుండ్రటి తలుపులోంచి ముందు కాలు పెట్టి, ఆ తర్వాత తల వంచి దూరాలి. ఎటు చూసినా గొట్టాలు, కవాటాలు, మీటర్లు. వాటి సందులోనే పడకలు. ఇందులో 75 మంది కాపురం చేశారు.

ముందువైపు టార్పెడో గదిలో మా గైడ్ చాలాసేపు ఆగారు. నౌకాదళంలో పనిచేసి రిటైరైన పెద్దాయన. అక్కడ ఆరు టార్పెడో గొట్టాలున్నాయి. ఒక్కోదాని వ్యాసం 53 సెంటీమీటర్లు. ఒక గొట్టం మూత మీద చెయ్యి వేసి, "సబ్‌మెరైన్ అడుక్కి పోయి పైకి లేవలేదనుకోండి, మనిషి బయటపడే దారుల్లో ఇదొకటి సార్. ఇందులోకి పాకాలి. మూత వేసేస్తారు, నీళ్లు నింపుతారు, అప్పుడు అవతలి మూత తెరుస్తారు" అన్నారు.

"ఊపిరాడదు కదా అంకుల్?" అని ఒక స్కూలు పిల్లాడు అడిగాడు.

"మాస్క్ ఉంటుంది నాన్నా. అది ఎలా వాడాలో నేర్పకుండా ఎవరినీ లోపలికి రానివ్వరు."

మరి మనవాళ్లకు ఎవరు నేర్పారు? మొదట బ్రిటిష్ నౌకాదళం, తర్వాత సోవియట్ నౌకాదళం. కుర్సురా మన నౌకాదళంలో చేరింది 1969 డిసెంబరు 18న, బాల్టిక్ తీరంలోని రీగాలో. పరాయి దేశపు చలిలో, పరాయి భాషలో చదువుకుని మన నావికులు దాన్ని నడుపుకుంటూ ఇంటికి తెచ్చారు. ఈ చదువు పుస్తకంతో అయ్యేది కాదు. ప్రతి గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో వేలితో తడుముతూ తెలుసుకోవాలి, దాని బొమ్మ గీయాలి, పెద్దల ప్రశ్నలకు నిలబడి జవాబు చెప్పాలి. అన్నీ దాటాకే ఛాతీ మీదికి డాల్ఫిన్ల బ్యాడ్జి వస్తుంది.

1974లో విశాఖలోనే ఐఎన్ఎస్ శాతవాహన శిక్షణ కేంద్రం వచ్చింది. రష్యా తయారీ కిలో తరగతి జలాంతర్గాములను మనవాళ్లు 1986 నుంచి నడుపుతున్నారు. అందుకే, అదే తరగతివి ఆరు కొనుక్కున్న వియత్నాం తన నావికులను 2013లో ఇక్కడికి పంపింది. నేర్చుకున్నవాళ్లు నేర్పే స్థాయికి వచ్చారంటే విశాఖవాసులు గర్వపడాల్సిందే.

అయితే కుర్సురా నుంచి బయటికొచ్చి బీచ్ రోడ్డు వెంట కాస్త నడిస్తే 1971 యుద్ధ విజయ స్మారకం ఎదురవుతుంది. ఆ ఏడాది డిసెంబరు మొదటివారంలో ఈ తీరానికి దగ్గర్లోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. అందులోని వాళ్లెవరూ బతకలేదు. ఘాజీ అసలు అమెరికాది. అప్పటి పేరు డయాబ్లో. అమెరికా 1964లో దాన్ని పాకిస్తాన్‌కు అద్దెకిచ్చింది. మనవాళ్లు సోవియట్ పడవ తెచ్చుకుంటే, వాళ్లు అమెరికా పడవ తెచ్చుకున్నారు. ఆ రెండు పెద్ద దేశాల పోటీ విశాఖ నీళ్లదాకా వచ్చింది.

ఇది తలచుకున్నప్పుడల్లా నాకు మయన్మార్ గుర్తొస్తుంది. విశాఖలోని హిందుస్తాన్ షిప్‌యార్డులో మరమ్మతు చేసిన సింధువీర్ జలాంతర్గామిని 2020లో ఆ దేశానికిచ్చాం. 2021 ఫిబ్రవరి 1న అక్కడి సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. ఇచ్చిన నౌకను, నేర్పిన విద్యను వెనక్కి తీసుకోలేం. ఎవరికి నేర్పుతున్నామన్నది నేర్పకముందే ఆలోచించుకోవాలి. స్నేహం పేరు చెప్పి ఈ ప్రశ్నను దాటెయ్యడం నాకు సమ్మతం కాదు.

ఏ సందేహమూ లేకుండా నేను చేతులెత్తి మొక్కేది ఒక్కదానికి: ప్రాణాలు కాపాడే శిక్షణ. 2021 ఏప్రిల్‌లో ఇండోనేషియా జలాంతర్గామి నంగ్గాలా 53 మందితో గల్లంతైనప్పుడు, లోతు నీళ్లలోంచి మనుషుల్ని పైకి తెచ్చే వాహనంతో విశాఖ నుంచి నౌక హుటాహుటిన బయల్దేరింది. అది చేరేలోపే నంగ్గాలా ముక్కలై కనిపించింది. ఒక్కరూ దక్కలేదు. సాయపడే వాహనం ఏ దేశానిదైనా, మునిగిన పడవ మూతకు సరిగ్గా అతుక్కోవాలి. రెండువైపులా ఒకే సంకేతాలు తెలియాలి. ఇవి ఆపద ముంచుకొచ్చాక నేర్చుకునేవి కావు. దేశాలు ముందే కలిసి సాధన చెయ్యాలి. విశాఖలోనే కట్టిన రక్షణ నౌక నిస్తార్ 2025 జులైలో నౌకాదళంలో చేరి, సెప్టెంబరులోనే అలాంటి సాధన కోసం సింగపూర్ వెళ్లింది.

కుర్సురా చూడటానికి వెళ్లేవాళ్లు ఫొటోలు దిగి వచ్చెయ్యకండి. మీకు చూపించే పెద్దాయనను పని ఎక్కడ నేర్చుకున్నారో, ఎవరెవరితో కలిసి పనిచేశారో అడగండి. సోమవారం మాత్రం సెలవు.