కొండపల్లి బొమ్మలు: రంగునకు ముందు

మా గుంటూరు సీమలో మిరపకాయలు కళ్లములకు వచ్చినపుడు నేలయంతయు ఎఱ్ఱతివాసి పఱచినట్లుండును. అయినను ఎఱుపొక్కటే చూచి కాయ కొనువారు మాలో లేరు. చేతబట్టి గలగలలాడించి, చెమ్మ యున్నదేమో చూతురు. బొమ్మలు కొనునపుడు మాత్రము మనము రంగు చూచియే బేరమాడుదుము!

సంక్రాంతి కొలువునకు బొమ్మలు తేవలెనని మేము రైలులో కృష్ణ దాటి, విజయవాడలో బండి మాఱి, కొండపల్లి చేరితిమి. కొండపై రెడ్డిరాజులనాటి దుర్గము గలదు గాని, మా పిల్లలతో ఆ యెక్కుడు సాగలేదు. తిన్నగా బొమ్మల కాలనీకి పోతిమి.

అచ్చట ముందుగా కంటబడినవి రంగులు కావు. సన్నని సెగపై ఆఱుచున్న తెల్లని కొయ్యముక్కలు. ఇది తెల్లపొనికి. మిగుల తేలిక, ఉలికి వెన్నవలె లొంగును. కాని చెమ్మ మిగిలినచో కొయ్య ముడుచుకొని చీలును; పై రంగు పెచ్చులుగా ఊడును. కావున ఆఱబెట్టుటలో తొందర పనికిరాదు.

అంబారీయేనుగు ఒక్క మ్రానున చెక్కినది గాదు. తొండము, చెవులు, అంబారీ, మావటివాడు, అన్నియు వేఱువేఱుగా చెక్కి అతుకుదురు. అతుకునది మక్కు: చింతగింజల పొడిలో రంపపుపొట్టు కలిపిన ముద్ద. అదియే జిగురు, అదియే సందులు పూడ్చునది, ముక్కు, బుగ్గ, ఆభరణము తీర్చునదియు నదియే. చింతగింజలకు మన యిండ్లలో ఇంత గౌరవ మెన్నడైన జరిగినదా? మక్కు ఆఱిన పిదప ఆకురాతితో రాచి నునుపుచేసి, సున్నము పూయుదురు. ఆ పూత లేనిచో కొయ్య రంగును త్రాగివేయును. పసుపు పసుపుగా కనబడదు. అదియు ఆఱినగాని మేకవెండ్రుకల కుంచె ముట్టరాదు. ఇప్పుడు ఎనామిలు రంగులును వాడుచున్నారు.

ఈ శిల్పులు ఆర్యక్షత్రియులు. ముక్తర్షి తమ మూలపురుషుడనియు, పూర్వులు రాజస్థానమునుండి వచ్చిరనియు చెప్పుకొందురు. రంగులద్దుటలో ఇంటి స్త్రీలును పాలుగొందురు. ఒక పెద్దామె ఏనుగునకు సున్నము పూయుచుండగా, కొనవచ్చిన యొకామె, "ఇంత చిన్నబొమ్మకు ఇంత ధరయా, పిన్నిగారూ? కాస్త రంగేగదా!" అనెను. పెద్దామె మాఱుపలుకక, పూత పూయని యేనుగు నొకదానిని ఆమె చేతిలో పెట్టెను. అతుకులన్నియు అందు కనబడుచుండెను. బేరము అంతటితో ఆగినది.

పొనికిచెట్టు కోతకు వచ్చుటకు ఏండ్లు పట్టును. అడవిలో ఆ చెట్లు తఱిగి, కొయ్య దొరకుటయే కష్టమైనది. ఆఱని కొయ్యపై రంగు పులిమి చౌకగా అమ్మిన బొమ్మయు అంగడిలో దీని ప్రక్కనే కూర్చుండును. కావున బొమ్మను త్రిప్పి అడుగుభాగమును, చంకలను, మెడ అతుకును చూడుడు. అచ్చట సన్నని చీలికలుండరాదు.

మేము ఎద్దులబండియు, తాటిచెట్టెక్కు గీతగాడును తెచ్చితిమి. నీటిరంగుల బొమ్మను తడిగుడ్డతో తుడువరాదు. కొలువు ఎత్తిన పిదప పొడిగుడ్డతో దుమ్ము దులిపి, చెమ్మలేని పెట్టెలో దూది నడుమ నుంచవలెను. దూదికి మా సీమలో కొఱత లేదుగదా!