ఆటస్థలముల వెంట దివిసీమ దాక

గుడివాడలో బందరు బండి యెక్కునప్పటికి ప్రొద్దు బారెడెక్కినది. అంతకుముందే ఎన్.టి.ఆర్. స్టేడియములో ఉదయపు నడకకు వచ్చినవారి నడుమ ఒక చుట్టు తిరిగి, అక్కినేని నాగేశ్వరరావుగారి పేర వెలసిన కళాశాలను వెలుపలినుండియే చూచి స్టేషనునకు వచ్చితిని. గుడ్లవల్లేరు, కవుతరము, వడ్లమన్నాడు, పెడన యను చిన్న స్టేషనులలో నాగుచు, ఊడ్పులు ముగిసి పచ్చబారిన మడులను, వాని నడుమ నిండుగా పారు కాలువలను చూపుచు బండి సాగుచుండగా, నా మనస్సు మాత్రము అమెరికాదేశపు నల్లజాతి కళాశాలల ఫుట్‌బాల్ చరిత్రయందే తగుల్కొని యుండెను. లోకము తమకు తలుపులు మూసినప్పుడు తమ బడిని తామే కట్టుకొని, ఆ బడి యెదుట తమ ఆటస్థలమును తామే చదును చేసికొన్న జనుల కథకు మన తెలుగునేలపై సాటి యెక్కడ గలదని కొంతకాలముగా నన్ను వేధించుచున్న ప్రశ్నకు బందరులోనే సమాధానము దొరకునని తోచి ఈ ప్రయాణమునకు పూనుకొంటిని.

1892వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన, ఉత్తర కరొలినా రాష్ట్రమందలి సాల్స్‌బరీ పట్టణమున, మంచు కురియుచుండగా, లివింగ్‌స్టన్ కళాశాల జట్టునకును షార్లెట్ నగరమునుండి వచ్చిన బిడిల్ విద్యాలయపు జట్టునకును జరిగిన పోటీయే నల్లజాతి కళాశాలల నడుమ జరిగిన మొదటి ఫుట్‌బాల్ పోటీ. బానిసత్వము చట్టరీత్యా తొలగి అప్పటికి ముప్పదేండ్లైనను నిండలేదు. లివింగ్‌స్టన్ విద్యార్థులు తలా కొంత వేసికొని బంతి కొనిరి. దుస్తులను ఆ కళాశాలలోనే కుట్టుపని నేర్చుకొనుచున్న బాలికలు కుట్టి యిచ్చిరి. నిత్యము తొడుగుకొను బూట్లకే అడుగున పట్టుబిళ్ళలు తగిలించుకొని ఆడిరి. అమెరికావారి ఫుట్‌బాల్ మనమెఱిగిన కాలిబంతి కాదు. ఒలిచిన కొబ్బరికాయవలె రెండు కొనలు తేలిన బంతిని చంకనిడుకొని, మీదపడు ప్రత్యర్థుల నడుమనుండి దూసికొనిపోయి గీత దాటవలసిన ఆట. నాడు మంచు గీతలను కప్పివేయుటచే, లివింగ్‌స్టన్ ఆటగాడొకడు బంతితో పరుగెత్తి సాధించిన టచ్‌డౌన్ చెల్లునా చెల్లదా యని తగవు పుట్టినది. అతడు హద్దు వెలుపలికి పోయెనని వాదించిన బిడిల్ పక్షమే నెగ్గి 5–0తో గెలిచినది.

ఆ మంచులో మొదలైన కథ యెంత దూరము పోయెనో చెప్పుటకు లూసియానాలోని గ్రాంబ్లింగ్ కళాశాల యొక్కటి చాలును. అచ్చట 1941లో శిక్షకుడుగా చేరిన ఎడ్డీ రాబిన్సన్ తొలినాళ్ళలో మైదానమునందలి గడ్డి తానే కోసి, గీతలు తానే గీసి, జట్టు పైయూళ్లకు పోవునప్పుడు దారిలోని హోటళ్లు నల్లవారికి అన్నము పెట్టవు గనుక ఆటగాండ్రకు రొట్టెలు తానే సిద్ధపరచి వెంట గొనిపోయెడివాడు. 1997లో విరమించునాటికి ఆయన జట్టు గెలిచిన పోటీలు 408. 1949లో ఆయన శిష్యుడు టాంక్ యంగర్ నల్లజాతి కళాశాలలనుండి వృత్తిజట్టులో చేరిన మొదటివాడయ్యెను. 1988లో మఱియొక శిష్యుడు డగ్ విలియమ్స్ సూపర్ బౌల్ పోటీలో వాషింగ్టన్ జట్టును నడిపి గెలిపించి, ఆ పోటీకెల్ల ఉత్తమ క్రీడాకారుడుగా గౌరవింపబడెను. అయితే తెల్లవారి విశ్వవిద్యాలయములు తలుపులు తెఱచిన పిమ్మట మేటి ఆటగాండ్రు అటువైపు మరలిరి. దుర్దినములలో వారిని పెంచి పెద్దచేసిన కళాశాలలు మంచిదినములు వచ్చినంతనే చిక్కిపోయినవి. ఆ చరిత్రలో నా మనస్సును మిక్కిలి కలచివేసిన భాగమిదియే.

బందరులో దిగి, ముందుగా రాబర్ట్ నోబుల్ దొర 1843లో నెలకొల్పిన విద్యాలయము పెరిగి పెద్దదైన నోబుల్ కళాశాల మీదుగా పోయి, ఆంధ్ర జాతీయ కళాశాలకు చేరితిని. 1907లో బిపిన్ చంద్రపాలుడు ఆంధ్రదేశమెల్ల తిరిగి ఈ పట్టణమునకును వచ్చి యువకుల రక్తమును మరిగించుటయు, రాజమహేంద్రవరమున వందేమాతరమన్న విద్యార్థులను కళాశాలనుండి వెడలగొట్టుటయు జరిగిన పిదప, మన బిడ్డలకు మన విద్యాలయమే కావలెనను సంకల్పముతో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1910లో స్థాపించిన విద్యాలయమిది. హనుమంతరావుగారు న్యాయవాదవృత్తిని కాదనుకొని, 1922లో కన్నుమూయు వఱకు తన సర్వస్వమును దీనికే ధారపోసిరి. నేత, వడ్రంగము వంటి చేతిపనులు శాస్త్రపాఠములతో సమానగౌరవమును పొందిన యీ తావున ప్రమోదకుమార ఛటర్జీగారు చిత్రలేఖనము నేర్పిరి. ఆయన శిష్యులైన అడివి బాపిరాజుగారు తరువాత ప్రధానాచార్యులైరి. మన జాతీయపతాకమునకు రూపమిచ్చిన పింగళి వెంకయ్యగారు ఇచ్చట వ్యవసాయశాస్త్రముతో పాటు గుఱ్ఱపుస్వారియు, వ్యాయామమును, సైనికశిక్షణమును గఱపిరి. సర్కారు మెచ్చని విద్యాలయమున దేహశిక్షణమనగా అది వట్టి వినోదము గాదు. తలవంచుట నేర్పు చదువునకు అది ప్రత్యుత్తరము.

ఆవరణలో కొందఱు విద్యార్థులు రెండు గుంజలకు వాలీబాల్ వల బిగించుచుండగా, గట్టుమీద కూర్చున్న వృద్ధుడొకరు నన్ను చూచి, "ఎవరికోసమండీ?" యని పలుకరించిరి. వచ్చిన పని చెప్పితిని. "మా నాన్నగారు ఇక్కడే చదివారండీ. పాఠాల సంగతి ఎప్పుడూ చెప్పేవారు కాదు, డ్రిల్లు సంగతే. తెల్లారకుండానే లేపి పరిగెత్తించేవారట. ఇప్పుడు ఇదీ అన్ని కాలేజీల్లాంటి కాలేజీయేగా!" యని నవ్విరి. ఆ నవ్వులోని వెలితి నాకు తెలిసినది. స్వరాజ్యము వచ్చి, కళాశాలలన్నియు మనవే యైన తరువాత, ‘జాతీయ’ యను మాటకై ఒక విద్యాలయమును వేఱుగా వెదకుకొని వచ్చు విద్యార్థి యెవడు? గ్రాంబ్లింగ్‌కు పట్టిన గతియే దీనికిని కొంత పట్టినది.

ఈ పోలిక ఒక హద్దు దాటి నిలువదు. జాతీయ కళాశాల దొరతనము నెదిరించినవారు కట్టినదే గాని, పంచములు పంచములకొరకై కట్టుకొన్నది కాదు. అమెరికాలో వర్ణభేదము ఆటస్థలమునకు కంచె కట్టినట్లే మన యూళ్లలో కులము బావికిని బడికిని కట్టినది. ఆ కంచెకు లోపలనే పుట్టి, రంగుచేత మాత్రము వెలియైనవారి కథ మఱొక తీరుది. క్రికెటు వీరుడు సి.కె. నాయుడుగారి పూర్వులు ఈ బందరువారే. ఆయన పుట్టినది 1895లో నాగపురమున. 1926లో, భారతీయులకు సభ్యత్వ మీయని బొంబాయి జింఖానా మైదానమున, ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై ఆయన 11 సిక్సర్లతో 153 పరుగులు చేసిరి. ఆఱేండ్లకు లార్డ్స్‌లో భారతదేశపు మొదటి టెస్టునకు నాయకుడైరి. సభ్యుడుగా అడుగుపెట్టనీయని మైదానమున ఆటగాడుగా అడుగుపెట్టి చూపిన ఆ పౌరుషమును తలచినప్పుడెల్ల నా ఛాతి యుప్పొంగును.

మధ్యాహ్నపు బస్సు చల్లపల్లి మీదుగా పులిగడ్డ చేరి, క్రింద కృష్ణపాయయు దానిమీద కాలువయు పారు అక్విడక్టును దాటి దివిసీమలోనికి నన్ను గొనిపోయెను. 1977 నవంబరు 19నాటి ఉప్పెన పదివేలమందికి పైగా పొట్టనబెట్టుకొన్న గడ్డ యిది. వెంకయ్యగారు పుట్టిన భట్లపెనుమఱ్ఱు, పెరిగిన పెదకళ్ళేపల్లి యీ చుట్టుప్రక్కలవే.

అవనిగడ్డ దాటి నాగాయలంక దారిలో నొక యూరి బడివెనుక చెడుగుడు బరి సిద్ధమగుచుండెను. పదునాలుగేండ్ల బాలుడొకడు చిల్లుపడిన డబ్బాతో సున్నము రాల్చుచు వెనుకకు నడచుచుండగా, సముద్రపు గాలి సున్నమును రేపి గీతను చెదరగొట్టుచున్నది. వాడు విసుగుకొనక, డబ్బాను నేలకానించునంతగా వంగి, చేతితో గాలి కడ్డుపెట్టి జానెడు జానెడుగా గీత వేసెను. కూత మొదలైనది. సన్నని కుఱ్ఱవాడొకడు అవతలి బరిలో నలుగురు పట్టుకొన్నను కూత విడువక ఈడ్చుకొనివచ్చి, మధ్యగీతను వ్రేలికొనతో నంటెను.

ఆట ముగిసిన పిమ్మట వారికి సాల్స్‌బరీ పోటీ కథ చెప్పితిని. మంచు కప్పిన గీత కడకు రాగానే అందఱును దగ్గఱకు జరిగిరి. గీత వేసిన బాలుడు, "గీత కనపడకపోతే ఔటని ఎట్టా చెప్తారండీ? పాయింటు ఇవ్వాల్సిందే!" యనెను. "కనపడకపోతే లైనే లేదా ఏందిరా? కింద ఉందిగా!" యని కూత పెట్టినవాడు అడ్డుతగిలెను. జట్టు రెండుగా చీలినది. వ్యాయామోపాధ్యాయుడు గారు వచ్చి తీర్పు చెప్పబోయిరి గాని, నేను బస్సునకు లేచునప్పటికిని ఏ పక్షమును ఒప్పుకొనలేదు.